పంజరాల ఊరికి వెళ్ళిన పక్షి

మధ్యాహ్నం సైరన్ మోగి ఆగింది. నేలమాళిగలో ఏడేళ్ళ పిల్ల నిద్రపోతోంది. దానికి చెరోపక్కా తోడికోడళ్ళిద్దరు.

"ఇవాళా ఆ పక్షి కథేనా? నిద్రలో కూడా పిన్నీ, పిన్నీ అని కలవరింతలు. కన్నదాన్ని, నా ఊసే లేదు."

"మెల్లగా అక్కా, లేస్తుంది."

"లేస్తే మాత్రం నా దగ్గరికొస్తుందా? చూడు, చెయ్యి కూడా నీ మీదే వేసి పడుకుంది. పొద్దస్తమానం సైనికుల చొక్కాలు కుట్టి నడుం పడిపోయేది నాకు. మురిసిపోయేది నువ్వు."

"అక్కా, అది కాదు..."

"ఏది కాదు? మరిది శత్రువుల చేతికి చిక్కాడని కబురొచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో జాలంతా నీకే. సరే అనుకున్నా. ఇప్పుడు నా పిల్ల కూడానా? ఏం మందు పెట్టావే దానికి? ఏముంది ఆ కథలో?"

"ఏముంటుంది? ఊరంతా పంజరాలే. పిట్టలన్నీ లోపలే. తెల్లపక్షి రోజూ వచ్చి ఒక్క తలుపు తీసి పోతుంది."

"ఒక్కటేనా? అన్నీ ఒకేసారి తీస్తే దాని సొమ్మేం పోయింది?"

"నేనూ అదే అడి... అదే, దానికి ఓపిక ఉండొద్దూ?"

"అచ్చం దేవుడిలాగే ఉంది నీ పక్షి. అన్నీ నిదానమే. ఇంకా ఎన్ని తలుపులు?"

"చాలా ఉన్నాయట."

"ఉంటాయిలే! కథ అయిపోతే పిల్ల నీ దగ్గరెందుకుంటుంది? ఇవాళ్టితో ముగించెయ్. అన్ని తలుపులూ తీసెయ్. రేపట్నుంచి పక్షి కథైనా పాము కథైనా నేనే చెప్పుకుంటా."

"నా చేతిలో లేదక్కా."

"నోట్లో ఉందిగా! నాకు రావా కథలు? మొన్న మొదలుపెడితే, 'నీకు నడుం నొప్పిగా, వద్దులే అమ్మా' అంది. జానెడు పిల్ల! ప్రాణం చివుక్కుమంది."

"నీమీద ప్రేమతోనే అనుంటుంది."

"నా పిల్ల మనసు నువ్వు చెప్పాలా నాకు? కంటే తెలిసేది..."

"ఆ దుప్పటి ఇటివ్వక్కా, పిల్లకి కప్పుతా."

"నోరు జారానే. ఏమనుకోకు."

"ఏమనుకోనక్కా."

"అయినా అడుగుతున్నా, ఆ కథ ముగించడానికి నీకేం అడ్డం?"

"నాకు కథలు రావక్కా. నేనెప్పుడు చెప్పాను? నాకు నిద్ర పట్టట్లేదని నీ కూతురే రోజూ జోకొడుతూ చెబుతోంది, 'ఇవాళా బాబాయి తలుపు కాదు పిన్నీ, రేపేమో' అని."