ఇంజన్ మాత్రం ఆగలేదు

మధ్యాహ్నం వేళ. ఇంటి పక్క రేకుల షెడ్డులో పాత పెట్రోలు కారు బానెట్ ఎత్తుకొని, పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు బావ, స్టీరింగ్ వెనక బావమరిది.

"ఇంకొక్కసారి తిప్పరా బామ్మర్దీ."

"తిప్పాను బావా. కుయ్ కుయ్ మంటోంది తప్ప అందుకోవటం లేదు."

"కుయ్ కుయ్ మనేది స్టార్టరు. ఇంజన్ కాదు. ఇంజన్‌ని అనకు."

"నేనేమీ అనలేదు. కదలటం లేదంటున్నాను."

"కదలకపోవటం వేరు, చెడిపోవటం వేరు. పన్నెండు వందల సీసీ. నాలుగు సిలిండర్లు. బ్లాకంతా పోత ఇనుము. ఇప్పటి బళ్ళలాగా లోపల రబ్బరు బెల్టు కాదు, గొలుసు. దాంతో ఏనుగుని కట్టెయ్యొచ్చు."

"ఏనుగు సంగతి తర్వాత చూద్దాం. పాత బళ్ళ పొగ పరీక్షకి ఇవాళే చివరి రోజు. సాయంత్రం లోపల పాసు చేయించకపోతే రేపు పొద్దున్న తుక్కు లారీ మన గుమ్మంలో ఉంటుంది."

"తెలుసు. అందుకేగా నిన్ను రమ్మంది."

"మరి తెలిసీ గొలుసు గురించి చెప్తావేం?"

"తెలియాలిగా నీకు, ఎలాంటి దాన్ని తిప్పుతున్నావో. ఇన్నేళ్ళలో ఈ ఇంజన్ ఒక్కసారి ఆగింది చూపించు."

"పోయినేడు వంతెన మీద."

"అది పెట్రోలు పంపు."

"నీ స్నేహితుడి కూతురి పెళ్ళికి పోతూ, ఎర్రటి ఎండలో?"

"రేడియేటరు గొట్టం. గొట్టం ఇంజనా?"

"మరి నేను మూడు వీధులు తోసింది?"

"తోశావు. ఎవరు కాదన్నారు? దేనివల్ల తోశావు? కాయిల్ వల్ల. ఆగినవన్నీ దాని చుట్టూ ఉన్నవి. ఇంట్లో మనిషి మంచివాడై చుట్టాలు పనికిమాలినవాళ్ళయితే మనిషిని తిడతామా?"

"చుట్టాలంటూ నావంక చూస్తావేం?"

"ఎదురుగా ఉన్నావు కాబట్టి. తిప్పు."

"ఏమండీ, మంచినీళ్ళు. ఏమైంది, లేచిందా మీ మహారాజు?"

"లేస్తుంది. నువ్వు అక్కడ పెట్టి వెళ్ళు."

"వెళ్తాను. వరండాలోకే కదా వెళ్ళాలి. నా రెండు కుట్టు మిషన్లూ, గిరాకీల గుడ్డలూ వానొస్తే జల్లుకి తడుస్తూ వరండాలో. ఈయనగారి ఇనప సామానుకి మాత్రం షెడ్డు."

"ఇంజన్ పని నీకు తెలీదు. అడ్డం రాకు."

"తెలీదు. నా మిషన్లో సూది విరిగితే కుట్టు ఆగిందంటాను నేను. మిషను భేషుగ్గా ఉంది, సూది ఒక్కటే ఆగింది అని గిరాకీకి చెప్తే జాకెట్టు నా మొహాన కొడుతుంది."

"విన్నావురా మీ అక్క మాట? సూదినీ సిలిండర్నీ ఒక గాట కట్టేసింది."

"నేనేం వినలేదు బావా. నన్ను మధ్యలోకి లాగకు."

"సరే, ఇది చెప్పండి. ఆ నల్ల మూత సంగతేంటి? తీగలన్నీ దాంట్లోంచే వస్తున్నాయి, సాలీడు కాళ్ళలాగా. అది విప్పి చూశారా?"

"అది వద్దు."

"అది వద్దక్కా."

"ఇద్దరూ ఒక్కసారే అంటారేం?"

"లోపల దుమ్ము పడుతుంది."

"అవునక్కా. దుమ్ము."

"పోనీ మూల మీద మెకానిక్‌ని పిలవనా?"

"వాడు స్కూటర్లవాడు. కారు ముందు నిలబడితే ఎటువైపు తొక్కాలని అడుగుతాడు."

"పిలవకు అక్కా. బావకి తెలియనిది వాడికేం తెలుసు."

"ఈ ఒక్క మాట బాగా అన్నావు. ప్లగ్గులు నాలుగూ విప్పాను, మసి పట్టాయి. లోపల గరుకు కాగితం ఉంది, గీకి తెస్తాను. దేన్నీ ముట్టుకోకు."

బావ ఇంట్లోకి వెళ్ళాడు. షెడ్డులో అక్కా తమ్ముడూ మిగిలారు.

"వెళ్ళారా?"

"వెళ్ళాడు. గొంతు తగ్గించు."

"ఏం పీకావురా దాంట్లోంచి?"

"ఏం చేసినా నాకు చెప్పొద్దు, బండి మాత్రం కదలకూడదు అన్నావుగా."

"అప్పుడన్నాను. ఇప్పుడు చెప్పు."

"నువ్వు వేలు పెట్టి చూపించావే నల్ల మూత, దానికింద ఉంటుంది. రోటరంటారు. బొటనవేలంత ముక్క. అది గుండ్రంగా తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ నిప్పు పంచుతుంది. అది లేకపోతే ఆయన ప్లగ్గులు గీకీ గీకీ కాగితం అరగదీసినా లాభం లేదు. నిన్న సాయంత్రం తీశాను."

"ఎక్కడుంది?"

"జేబులో."

"నేను సరిగ్గా దాన్నే చూపించానా?"

"చూపించావు. నాకు చెమట పట్టింది. అదృష్టం బాగుండి బావే వద్దన్నాడు."

"ఆయనెందుకు వద్దన్నారు? రోజూ ఆ మూత విప్పి, ఊది, తుడిచి, పసిపిల్లకి పౌడరద్దినట్టు అద్దే మనిషి. ఇవాళ దుమ్ము గుర్తొచ్చిందా?"

"ఏమో. కంగారులో ఉన్నాడు."

"కంగారేం లేదు. పొద్దున్న నేను లేచేసరికి టార్చి పట్టుకుని షెడ్డులో ఉన్నారు. వచ్చి హాయిగా టిఫిన్ తిన్నారు. ఇంకో రెండు వెయ్యమని అడిగారు కూడా. ఎన్నాళ్ళకో కూనిరాగం తీశారు. వారం నుంచీ ముద్ద దిగని మనిషి."

"పరీక్షకి పోతున్నానన్న సంతోషం, పాపం."

"ఆ సంతోషం మీద మనం మట్టి పోస్తున్నాం."

"షెడ్డు కావాలంది నువ్వేనక్కా."

"కావాలిరా. కావాలి. ఇప్పుడు కాదన్నానా?"

"ఉష్. వస్తున్నాడు."

"ఏంటి గుసగుసలు?"

"ఏం లేదు బావా. ప్లగ్గులకి అంత మసి ఎక్కడిదా అనుకుంటున్నాం."

"ఆయిల్ మసి. కాస్త తాగుతుంది."

"కాస్తేమిటండీ, నెలకో డబ్బా."

"దాని వయసుకి ఆమాత్రం తాగటం అలవాటంటారు. జబ్బనరు."

"మరి వెనక నీలం పొగ?"

"నీలం కాదు, బూడిద రంగు. ఎండని బట్టి అలా కనపడుతుంది."

"మీరు స్టార్టు చేస్తే ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లు లోపలికి పట్టుకుపోతుంది. ఆవిడకీ ఎండే కనపడుతుందా?"

"ఆవిడకి శుభ్రం ఎక్కువ. బామ్మర్దీ, ఆ పానా అందుకో. పరీక్ష దగ్గర గొట్టం పెట్టేది ఎవడో తెలుసా? గరాటా."

"గరాటా ఎవరు?"

"కార్ల స్టాండులో నేను ఆయిల్ పోస్తుంటే గరాటా పట్టుకున్నవాడు. ఇంజనంటే ఏంటో వాడికి నేనే నేర్పాను. ఇప్పుడు చొక్కాకి బిళ్ళ పెట్టుకుని అందరి బళ్ళ వెనకా గొట్టం దూర్చి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అంటున్నాడు. స్టాండువాళ్ళంతా ఇవాళ అక్కడికి వస్తున్నారట, నా బండి చూడటానికి."

"మంచిదేగా. వాళ్ళందరి ముందూ పాసయితే..."

"ఆఁ. పాసయితే."

"ఏంటి బావా, అలా అంటావు?"

"ఏం లేదు. ప్లగ్గులు బిగించాను. తిప్పు."

"కుయ్ కుయ్."

"నువ్వు నోటితో అనక్కర్లేదు."

"అదే అంటోంది బావా. నేను చెప్తున్నాను అంతే."

"సరే, వదిలెయ్. రేపు లారీ రానీ."

"అదేంటండీ?"

"మనం చేయగలిగింది చేశాం. షెడ్డు నువ్వు తీసుకో. మిషన్లు లోపల పెట్టుకో. వానాకాలం వస్తోంది."

"మీరేనా ఈ మాట అంటున్నది?"

"నేనే."

"బావా, మనం వెళ్ళకపోతే స్టాండువాళ్ళు ఏమంటారు? భయపడి రాలేదంటారు."

"ఎందుకంటారు? బయల్దేరదామనుకున్నాడు, చిన్న ముక్క ఏదో లేక బండి కదల్లేదు అంటారు. ఇంజన్‌కి ఏమీ కాలేదు, చిన్న ముక్క దగ్గర ఆగిపోయింది అంటారు."

"చిన్న ముక్కంటే, ఏ ముక్క బావా?"

"ఏదో ఒకటి. బండి నిండా ముక్కలే."

"అలా అనకు. నువ్వలా అంటే నాకు ఎలాగో ఉంది."

"నీకెందుకు ఎలాగో ఉండటం? నీకు కడుపులో పేగు వాచి మెలికలు తిరిగిన రోజు గుర్తుందా? ఇదే బండి. దారిలో హారను పోయింది. ముందు దీపం ఒకటి పోయింది. తలుపు ఊడి వస్తుంటే మీ అక్క చేత్తో పట్టుకుంది. నువ్వూ పోయావనే అనుకున్నాం. ఇంజన్ మాత్రం ఆగలేదు."

"బావా."

"ఆస్పత్రి మెట్ల దాకా ఎక్కించాను. కాపలావాడు కర్ర పట్టుకుని వచ్చాడు. ఆపమంటాడు. ఇది ఆగితే కదా ఆపటానికి."

"బావా, ఆపు."

"ఏమైందిరా? కళ్ళు తుడుచుకుంటున్నావేం?"

"ఇదిగో. నా జేబులో ఉంది. రోటర్. నిన్న సాయంత్రం తీశాను. నువ్వు మార్కెట్‌కి పోయినప్పుడు."

"వాణ్ణి అనకండి. నేనే తీయించాను. షెడ్డు కోసం. ఏం తీస్తాడో నాకు తెలీదు గాని, తీయమంది నేనే. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి."

"అక్కా, జరుగు. మూత తీసి పెట్టేస్తాను. టైముంది ఇంకా."

"ఆగరా. తొందరపడకు."

"తొందరపడాలి బావా. నీ ఇంజన్‌ని నా చేతులతో తుక్కు లారీ ఎక్కించలేను. పెట్టేశాను. మూత బిగించాను. అక్కా, నువ్వు వెనక నిలబడకు."

"ఒరేయ్, కాస్త ఆలోచించి—"

"అందుకుంది బావా. ఒక్క తిప్పుకే అందుకుంది. విను, ఎలా తిరుగుతోందో."

"అందుకుందిరా తమ్ముడూ. అబ్బ, ఈ పొగలో మీరే కనపడటం లేదు. ఎదురింటావిడ దుప్పట్లు తీస్తోంది."

"దారిలో సర్దుకుంటుందిలే. ఎక్కు బావా."

"ఎక్కండి. షెడ్డు పోతే పోయింది, ఇన్నాళ్ళూ వరండాలో కుట్టలేదా. మీ మొహం అలా ఉంటే చూడలేను."

"బావా, తలుపు తీసి పట్టుకున్నాను. అక్కడ గరాటా, స్టాండువాళ్ళూ అందరూ నీకోసం చూస్తుంటారు. ఎక్కవేం?"

"ఏమండీ, ఏడుస్తున్నారా?"

"పొగ."

"పొగే అయితే ఎక్కండి మరి. వాడు తప్పు ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకున్నాను. ఇంకేం కావాలి మీకు?"

"ఎవరు ఒప్పుకోమన్నార్రా మిమ్మల్ని? ఈ పొగతో గరాటా పాసు చెయ్యడని, పొద్దున్నే టార్చి పట్టుకుని వచ్చింది ఆ ముక్క పీకి దాచేద్దామనే. మూత తీస్తే అప్పటికే ఖాళీ. ఎవరో పుణ్యాత్ములు నా పరువు కాపాడారని, కడుపునిండా టిఫిన్ తిన్నాను."