రెండోసారి పెట్టిన భజన

మిర్యాలగూడలో రామలింగయ్య మైక్‌సెట్ దుకాణం. ఆయన మేనల్లుడు ధర్మేందర్, తమ్ముడి కూతురు లత కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు.

"ఏంది అల్లుడా, మళ్ల చెప్పు. బిట్లా?"

"బిట్లే మామా. ఇరవై నాలుగు. సీడీల పదహారే ఉంటయ్. బిట్లు ఎక్కువుంటే ఆవాజ్ ఇంకింత సాఫ్‌గ ఉంటది. మొన్న ఏకాదశికి మీ భజన నేను గట్లనే రికార్డు చేసిన."

"బిట్లు ఎక్కువుంటే దేవుడు జల్దీ ఇంటడా?"

"దేవుని సంగతేమో గాని, మనుషులు ఇంటరు. అందుకే ఉమ పెండ్లికి నీ సెట్టు వద్దంటున్న. నా సౌండ్ పెడుదాం."

"నా సెట్టు వద్దా! కోదాడ నుంచి సూర్యాపేట దాక నా హారన్లు మోగని ఊరున్నదా? సొంత తమ్ముని బిడ్డ పెండ్లికి నేను కుర్సీల కూసోని సూడాల్నా?"

"కోపమెందుకు పెదనాయినా? పరీక్ష పెడుదాం. ఆ ఏకాదశి భజననే సీడీ లెక్కన ఒకసారి, బావ లెక్కన ఒకసారి ఇనిపిస్త. బావకు తేడా తెలిస్తే బావ సౌండ్. తెల్వకపోతే మా అక్క పెండ్లికి నీ సెట్టే."

"గట్లనే కానియ్ లతా. ఏయ్ అల్లుడా, హెడ్‌ఫోన్ పెట్టుకో. కండ్లు మూసుకో. తొంగిసూసినవో..."

"సూడ మామా. ఊఁ... ఇది సీడీది. ఆవాజ్ ఇరుకిరుకుగ ఉన్నది."

"ఇగ రెండోది పెడుతున్న బావా."

"ఆఁ, ఇదీ! భజన నడుమ కూసున్నట్టే ఉన్నది. గాలి సుత ఇనబడుతున్నది మామా!"

"లతా, ఏవేవి పెట్టినవ్ బిడ్డా?"

"రెండుసార్లూ సీడీదే పెట్టిన పెదనాయినా."

"గాలి ఇనబడ్డదట, గాలి! పైన ఫ్యాన్ తిరుగుతున్నది, సూడు నాయినా!"

"నవ్వకు మామా. ఏ తేడా లేదంటున్నవ్ గద, నువ్వు గూడ ఇను. నీ నోటితోనే ఉన్నదనిపిస్త."

"నాతోనా? హారన్ల కిందనే బతికిన చెవులివి. ఇటియ్ ఆ హెడ్‌ఫోన్. పెట్టు లతా."

"ఇది మొదటిది పెదనాయినా... ఇప్పుడు రెండోది. జర మంచిగ ఇను."

"ఇంటున్న, ఇంటున్న. అదే పాట, అదే డోలక్. ఏడున్నది తేడా? రెండూ ఒకటే!"

"మల్లోసారి ఇనరాదు పెదనాయినా?"

"ఎన్నిసార్లు ఇన్నా అంతే. చెప్పు లతా, ఒకటేనా, కాదా?"

"పెదనాయినా..."

"ఏంది, బావ మొకం సూస్తున్నవ్? ఉన్నది ఉన్నట్టు చెప్పు!"

"ఒకటే పెదనాయినా."

"లతా, నిజంగ ఒకటేనా?"

"ఒకటే అంటున్న గద బావా!"

"ఖతం! నీ బిట్లు మూటగట్టుకోని ఇంటికి పో అల్లుడా. నేను పోయి హారన్లు దులుపుత, పెండ్లికి తళతళ మెరవాలె."



"పోయిండా బావా?"

"పోయిండు. నీ మొకమేంది గట్లైంది? ఏం పెట్టినవ్ అసలు?"

"నీ పరువన్న దక్కుతదని, తేడా ఎవరికైనా తెల్వాలని, పెదనాయినకు రెండోసారి పెట్టినప్పుడు తాళాల గణగణ అసొంటి సన్న సప్పుడంత తీసేసిన బావా. గొంతులు, డోలక్ తప్ప ఏం మిగల్లే. ఆ భజనల తాళాలు కొట్టింది పెదనాయిననే గద... అవి లేవని ఆయన చెవులకు తెల్వనే తెల్వలే."