సున్నా పాయింటు తొమ్మిది బండ

"0.9కి వర్గమూలం 0.3 ఎందుకు కాదమ్మా" అంటున్నవా బిడ్డా? ఆగు, తమ్ముణ్ణి గూడ పిల్వు. మీరు పుణెల పుట్టినోళ్ళు, గీ ముచ్చట మీకెన్నడు చెప్పలే. నేను గూడ గదే తప్పు చేసిన. కాయితం మీద గాదు, బండ మీద.

మీ తాతకు, అంటే మా నాయినకు, తాండూరుల బండలు కోసే మిషనుండె గదా. కరణ్‌కోటకు పోయే రోడ్డు పక్కపొంటే. ఆయనకు సదువు రాదు. నేను పదో తరగతి, లెక్కలు నేనే చూస్తనని మొండికేసిన.

ధారూర్ దిక్కు బడోళ్ళు జెండా గద్దెకు చదరం బండ అడిగిండ్రు, 0.9 చదరపు మీటర్లు. మచ్చ లేని పెద్ద బండ మా తాన ఒక్కటే ఉండె. తప్పు కోసినమా, ఇగ అంతే. తొమ్మిదికి మూలం మూడు, గట్లయితె 0.3 అనుకొని ముప్పై సెంటీమీటర్లకు సుద్దతోని గీసిన.

మా నాయినకు కోసే ముందు గీత మీద జాన వెట్టి చూసే అలవాటుండె. జానెడున్నర గూడ రాలే.

"గిది జెండా గద్దెనా, మీ అమ్మ రొట్టెల పీటనా?"

"సార్ గిట్లనే చెప్పిండు" అన్న. అబద్ధమే, మీ తాన దాసుడెందుకు.

"అయితె తిప్పి గుణించు. భుజానికి భుజం గుణిస్తె వాళ్ళడిగినంత రావాలె గదా."

0.3ను 0.3తోని గుణిస్తె 0.09. పదో వంతే!

అప్పుడు యాదికొచ్చింది. పాయింటు తర్వాత అంకెలు రెండేసి జత గట్టాలె, ఒంటిగుంటె పక్కన సున్నా వెట్టాలె. 0.90. తొంభైల తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి పోతె తొమ్మిది. రెండు సున్నాలు దించితె తొమ్మిది వందలు. తొమ్మిదికి రెట్టింపు పద్దెనిమిది, పక్కన నాలుగు వెడితె 184, నాలుగుసార్లు 736. అంటే 0.94. ఇంకో జత దించితె 0.948.

"నాయినా, 0.9 కన్న దాని మూలమే పెద్దగొచ్చింది, మళ్ళ తప్పింది" అని ఏడ్సిన.

ఆయన నవ్విండు. "సగం రొట్టెల సగమెంత? పావు. సగం కన్న చిన్నదే గదా పిచ్చిదానా. ఒకటి కన్న తక్కువున్నది గుణిస్తె తగ్గుతది. మళ్ళ గుణించు."

0.948ని 0.95 అనుకొని, దాన్ని దానితోనే గుణించిన. 0.9025. జర్రంత ఎక్కువ, అంచులు నున్నగ చేసే అరుగుతీతకు పోతది. అప్పుడు, బిడ్డా, గుండెల మీదికెళ్ళి బండ దించినట్లయింది. మిషన్ కింద బండ నిండుగనే ఉన్నది, ఒక్క గీత పడలే. సుద్ద గీతే గదా, తడిబట్టతోని తుడిసేసిన.

ఇప్పటికీ మీ పరీచ్చలంటె నాకు ఫికరే. కని ఒక్కటి చెయ్యుండ్రి. రేపు క్లాసుల ఎవరన్న 0.3 అంటె నవ్వకుండ్రి. పక్కన గూసొని, తిప్పి గుణించుమనుండ్రి. మా నాయిన చెప్పిండని చెప్పుండ్రి.