ఈస్ట్ చేసిన మందు

అలా తల ఊపేసి పక్క బేరం చూసుకుంటే కుదరదండి ప్రసన్నకుమార్ గారూ. మందుల షాపు మీది, ఇన్సులిన్ ఇచ్చింది మీరు. అందులో అసలు మందే లేదంటున్నాను నేను. నలుగురిలో అనొద్దంటారా? నలుగురూ ఉంటారనేగా ఈ వేళప్పుడు వచ్చాను.

మా ఆయనకి, పల్లంరాజుకండి, వర్షాలప్పటి నుంచీ నా చేత్తోనే సూది పొడుస్తున్నాను. పూట తప్పలేదు. అయినా షుగరు దిగితే ఒట్టు. ఇప్పుడు రాజమండ్రిలో ఆసుపత్రిలో పడున్నాడు. పాదం నల్లబడిపోయింది, రేపు మోకాలి కింద దాకా తీసేస్తామంటున్నారు. ఏట్లో వల విసిరే మనిషి, ఒంటికాలితో పడవ మీద ఎలా నిలబడతాడో మీరే చెప్పండి.

నాకు మొదట్నుంచీ అనుమానమేనండి. ఇది పంది నుంచి తీస్తారటగా అని మా ఆయన అడగమంటే అడిగాను. మీరేమన్నారు? అది పాతకాలం పాపాయమ్మా, ఇప్పుడు ఈస్ట్ చేత చేయిస్తున్నారు అన్నారు. ఏంటండి ఈస్ట్ అంటే, బ్రెడ్డు పొంగడానికి వేసేదే, కల్లు పులిసేదీ అలాంటి దానివల్లే అన్నారు. మనిషి ఒంట్లో ఇన్సులిన్ ఎలా తయారవుతుందో ఆ కిటుకు దాని లోపల పెడతారట. అది పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెరుగుతూ మన మందు చేసి పెడుతుందట.

కంటికి కనపడని పురుగు మనిషి పని చేస్తుందా అంటే మీరు నవ్వారు. ఈయన్ని నమ్మకూడదని అప్పుడే అనుకున్నాను.

మీ షాపు మానేసి రాజోలులో కూడా కొన్నాను. అదీ అంతే. అంటే మీరంతా కూడబలుక్కుని నీళ్లు అమ్ముతున్నారన్నమాట.

ఏంటి, ఎలా దాచావంటారా? తప్పు నా మీదకి తోసేద్దామనా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపల బేరం నాది. పాడైపోయేదాన్ని ఎలా కాపాడాలో నాకు చెప్పక్కర్లేదండి. చల్లగా ఉంచమన్నారు, ఉంచాను. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కరెంటుంటేగా. అయినా ఆపాటి చల్లదనానికి పులిసేది ఆగుతుందా? ఈస్ట్ అన్నారు కదా, సీసాలో పొంగిపోదూ? అందుకే రొయ్యల పెట్టెలో, చితక్కొట్టిన ఐసు కింద, ఇంకా చల్లబడాలని ఉప్పు చల్లి మరీ పాతేశాను. రాయిలా బిగుసుకుపోయేది. పొడిచే ముందు గుప్పెట్లో పెట్టుకుని కరిగించేదాన్ని.

లోపల తెల్లగా పొలుసుల్లాంటివి కనపడేవి. వీళ్లు సరిగ్గా వడకట్టలేదు, ఈస్ట్ మిగిలిపోయింది అనుకుని బాగా ఊపి పొడిచేదాన్ని.

ఆ అట్టపెట్టె ఎందుకు తీస్తున్నారు? ఏం రాసుందో చదవండి, నాకు చదువు రాదు.

గడ్డకట్టనివ్వకూడదా? గడ్డకడితే మందు చచ్చిపోతుందా? మళ్లీ కరిగించినా పనిచెయ్యదా? మరి ఈస్ట్... అది ఇందులో ఉండనే ఉండదా? మందు తీసుకుని దాన్ని ముందే పారేస్తారా?

ఆ ముక్క అప్పుడే చెప్పొద్దా మీరు. చెప్పారేమోలెండి. మీరెందుకు నవ్వారా అన్నదాని మీదే ఉంది నా ధ్యాసంతా.

అంటే రాజోలు మందూ మంచిదే. మీదీ మంచిదే.

కుర్చీ వద్దండి. బస్సు వెళ్లిపోతుంది. ఆయన ఎదురుచూస్తుంటాడు, షాపాయన్ని నిలదీశావా అని అడుగుతాడు. నర్సు పొడిస్తే నొప్పంటాడండి, నేను పొడిస్తే తెలియనే లేదంటాడు. నిన్న రాత్రి ఈ చెయ్యి పట్టుకునే నిద్రపోయాడు. కాలు పోతోంది ఈ చేతివల్లేనని ఏ నోటితో చెప్పను?

చెప్పను. మీరు నకిలీ మందు ఇచ్చారనే చెబుతాను. ఊళ్లో అడిగినా అదే అంటాను. మీకు షాపుంది, చదువుంది, ఎలాగోలా తట్టుకుంటారు. ఆయన బతికినన్నాళ్లూ ఎవర్ని అనుమానించినా పర్లేదండి, నన్ను తప్ప.