పరికి పొద మీద గొడ్డలి

సుల్తానాబాద్ బాట పక్కన, జొన్నచేను గట్టు మీదికి ముసలి మొగుడు గొడ్డలి పట్టుకుని వచ్చేసరికి, ఆమె పండ్లు రాల్చుకోవడానికి పరికి ముళ్లపొద కింద పాత చెద్దరు పరుస్తోంది.

"జరుగు. కంచెకు కంప నరకాలె."

"అయ్యో, పండ్లు ఇప్పుడే నల్లవడ్డయి. కంపకు తుమ్మలు లేవా?"

"గిదే కావాలె."

"రజాకార్ల గడబిడల కంచె మొత్తం కాలినా దీన్ని ముట్టకపోతివి. ఏటేటా నాకంటె ముందుగాల నువ్వే బుక్కుతుంటివి."

ఆమె కట్టెతో కొమ్మను తట్టింది. ఎర్రవి చెట్టునే ఉండి, నల్లవి మాత్రం జలజలా రాలాయి. గుప్పెడు తీసి ఆయన ముందుకు చాపి, తానూ నాలుగు నోట్లో వేసుకుని గింజలతో సహా కరకరా నమిలింది.

"తిను."

"నాకద్దు."

"పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది."

నెల రోజులుగా ఆయన రొట్టె ముట్టకుండా మెత్తని గట్క మాత్రమే జుర్రుకుంటున్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

"దౌడపల్లు ఊడినయా?"

"రెండు దిక్కులా ఊడినయి. గింజ పగుల్తలేదు."

"గందుకని పొదను నరుకుతవా?"

"నువ్వు పక్కన కూసోని కరకర నములుతుంటే, నేను ఇనుకుంట కూసోవాల్నా?"

ఆమె నమలడం ఆపింది. కొంగు ముడి విప్పి ఉప్పురాళ్లు పక్కనున్న బండ మీద పోసింది.

"గొడ్డలి తిరగేసి, ఎనుక దిక్కుతోని గీ బండ మీద పండ్లు దంచు."

"నా ఒక్కనికేనా?"

"ఇద్దరికి దంచు. నేను గూడ గట్లనే తింట."