ఆరు దాకా ఒక్క లైను

బాధితుల సహాయ కేంద్రంలో మేనేజరు అట్టపెట్టెలు కడుతున్నాడు. కౌన్సెలరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"సార్, ఐదింటికే ఫోన్లు కట్ చేస్తే ఎలా? ఈ ఒక్క లైనైనా ఆరు దాకా ఉంచండి."

"నా చేతుల్లో ఏముందమ్మా? సర్కారు నిధులు ఆపేసింది."

"మన డబ్బు విదేశీ సాయానికి మళ్లించారటగా?"

"ఎవరన్నారు? దానికీ కోతే. ఆ దేశాల్లోనూ మనలాంటి కేంద్రాలు మూతపడుతున్నాయి. ఇంతకీ ఎవరికి ఫోను?"

"తనని కత్తితో పొడిచిన మొగుడు రేపు జైలు నుంచి వస్తున్నాడని ఒకావిడకి చెప్పాలి. డ్యూటీ దిగేదాకా ఆవిడ ఫోను ముట్టుకోదు, దిగేది ఆరింటికి."

"నీ సెల్లు నుంచి చెయ్యి."

"ఎత్తదు సార్. మన నంబరు తప్ప ఏదీ ఎత్తొద్దని ఒట్టేయించుకున్నాను."

"పోనీ, ఇంటికెళ్లి చెప్పు."

"ఎవరు తలుపు కొట్టినా తియ్యొద్దని చెప్పిందీ నేనే సార్."