ఆరో అధ్యాయంలో తప్పు

మరీ చోద్యం కాకపోతే, నన్ను పట్టుకుని ‘గురువుగారూ’ అంటారేంటండీ యేసుపాదం మాస్టారూ! మీరు రిటైరై మూడేళ్ళయింది, నాకింకా తొమ్మిదేళ్ళ సర్వీసుంది. సంజీవరావూ అనండి, చాలు. ఆ నమస్కారం కూడా వద్దు. ముందు కూర్చోండి.

కనిగిరిలో తెల్లారకుండానే బస్సెక్కారంటే ఏం తిని ఉంటారు? ప్రేమా, మాస్టారికి మజ్జిగ పట్రా! దగ్గొస్తోందా? మిరపకాయల లారీలండీ. ఈ నెలంతా మా నల్లపాడులో ఇంతే. మాకు అలవాటైపోయింది.

ఉండండుండండి, ఆ నోటుబుక్కు అప్పుడే తియ్యకండి. మీ ఉత్తరం మొన్ననే అందింది. మీ ‘రేడియో పాఠాలు’ రెండోసారి అచ్చవుతోందనీ, ఈసారి జిల్లాలో ప్రతి బడికీ ఒక కాపీ తీసుకుంటారనీ, ఇవాళే గుంటూరు ప్రెస్సులో ఇచ్చేస్తాననీ రాశారు. చాలా సంతోషమండీ. ఆ కిందే కదా నా పీక పట్టుకున్నారు! ‘తమరు తప్పుపట్టిన ఆరో అధ్యాయాన్ని ఈ నాలుగేళ్ళలో నాలుగుసార్లు తిరగరాశాను, ఇప్పటికైనా ఆ తప్పు పోయిందో లేదో తమరు చూసి చెప్పాలి’ అని. రెండు రోజుల్నుంచి నాకు అన్నం సయించట్లేదు.

నా సమీక్ష కత్తిరించి దాచుకున్నారా? వద్దు బాబూ, చూపించకండి. నాకు కంఠతా వచ్చు. ‘ఆరో అధ్యాయంలో అనుభవ వర్ణన పాలు ఎక్కువై, శాస్త్రీయత కొరవడింది.’ అబ్బో! ఏం వాక్యం! మీ ఒక్కరికే రాశాననుకున్నారా? బోర్డు మీద బొమ్మలెయ్యడం గురించి ఒకాయన రాస్తే ఆయనకీ ఇదే పడేశాను. పోయినేడు ఇంకొకాయన బడిలో కంప్యూటర్ల మీద పుస్తకం పంపితే, దాన్నే తిప్పి రాశాను. శాస్త్రీయత పాలు ఎక్కువై అనుభవం కొరవడిందని! కంప్యూటరుని నేను పేపర్లో ఫోటో చూడ్డమే కానీ కళ్ళారా చూసింది లేదు.

మన ఉపాధ్యాయ సంఘం పత్రికలో తొమ్మిదేళ్ళుగా నెలకో పుస్తకం, మాస్టారూ. తప్పు పట్టకపోతే సమీక్షకుడికి విలువేముంది? మూడు పేరాలు మెచ్చుకోవాలి, ఒక పేరా చురక పెట్టాలి. అదీ నా కొలత. చురక ఎక్కడ పెడతానంటారా? చివర్నుంచి రెండో అధ్యాయంలో. ఎప్పుడూ అక్కడే! అక్కడిదాకా ఎవడూ చదవడు, నన్ను కాదనేవాడుండడు. మీరు ఏడు అధ్యాయాలు రాశారు కాబట్టి ఆరోది బలైంది. ఎనిమిది రాసుంటే ఏడోది పోయేది.

నవ్వుతారేంటండీ? పరాచికాలాడట్లేదు నేను.

ఆ... ఇప్పుడు నవ్వాపేశారు.

పుస్తకమే చూపిస్తా, ఉండండి. చెదలు తినేశాయని చెబుదామనుకున్నాను. మా ఆవిడ ప్రేమ ఒప్పుకోలేదు. “అంత పెద్దాయనతో అబద్ధమాడితే నేనే బయటికొచ్చి చెప్తా” అంది. ఇదిగో. మీ ప్రెస్సువాడు అంచులు కొయ్యకుండానే కుట్టేశాడా, కాగితాలు జంటజంటలుగా అతుక్కునే ఉన్నాయి. విడివడింది ముందుమాట, విషయసూచిక, అంతే. మిగతావి వేలు పెట్టి చూడండి. నాలుగేళ్ళూ అలాగే ఉంది.

మీ పుస్తకం నేను చదవలేదండి, మాస్టారూ.

తిట్టండి, పడతాను. సంఘం మీటింగుల్లో ‘విమర్శకులుగారొచ్చారు’ అని కుర్చీ వేస్తుంటే ఈ మొహం ఎంత వెలిగిపోయేదో! తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వెనకాల కొంచెం కోసి ఉంది, చూశారా? అదే ఆరో అధ్యాయం. నిన్న పొద్దున గడ్డం గీసుకునే బ్లేడుతో కోశాను. ఎందుకో తెలుసా? ఏదో ఒక తప్పు వెతికిపెట్టుకుని, మీరొచ్చాక పెద్దమనిషిలా చూపిద్దామని! అంత వెధవనన్నమాట.

చదివాను. మీ బళ్ళో రేడియో బ్యాటరీలు అయిపోయిన రోజు. పిల్లలు లేచిపోబోతుంటే, జాన్‌బీ అనే పిల్ల ఆ మూగ రేడియో వెనక నక్కి కూర్చుని, పోయిన వారం విన్న పాఠమంతా రేడియో ఆవిడ గొంతుతో అప్పజెప్పింది. మీరు మధ్యలో ఆపి, ‘తర్వాతేం చెబుతుందర్రా?’ అని మిగతా పిల్లల్ని అడిగారు. ఆ తర్వాత రేడియో పలికే రోజుల్లో కూడా దాని గొంతు తగ్గించి అదే అడుగుతూ వచ్చారు. పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, నాకిది ఒక్కసారీ తట్టలేదండీ. నిన్న మా ఎనిమిదో తరగతిలో పాఠం మధ్యలో నోరు మూసుకుని నేనూ అడిగాను. ఏడాదంతా పెదవి విప్పని జయకుమారి లేచి చెప్పింది! నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

సరే, ఇప్పుడివ్వండి నోటుబుక్కు.

ఊఁ... పట్టిక. ఇంకో పట్టిక. ‘శ్రవణ మాధ్యమ వైఫల్య సందర్భమున ప్రత్యామ్నాయ బోధనా వ్యూహములు.’ ఇది మీరే రాశారా? మళ్ళీ పట్టిక... మాస్టారూ, జాన్‌బీ ఏదండీ?

తీసేశారా? ‘అనుభవ వర్ణన’ అని నేనన్నందుకా?

అయ్యో! ఇది అచ్చుకివ్వకండి. మీకు దణ్ణం పెడతాను, పాతదే వేయించండి. పాతదాన్లో ఏ తప్పూ లేదు. ఈ కొత్తది చదివితే ఏ పంతులికీ ఏమీ అర్థం కాదు.

మొహమాటానికి అనట్లేదండీ. ఓదార్చడానికీ కాదు. అలా చూస్తారేంటి? నోటుబుక్కు సంచిలో పెట్టేసుకుంటున్నారు, పుస్తకం ఇక్కడే వదిలేస్తున్నారు... ప్రెస్సుకేనా? మాస్టారూ, మజ్జిగైనా తాగి వెళ్ళండి!

వెళ్ళిరండి, ఏం చేస్తాం. చదవకుండా రాసిన ముక్కని నాలుగేళ్ళు నెత్తిన పెట్టుకు మోశారు. చదివి చెప్పడం నా జన్మలో ఇదే మొదలు, ఈ మాట మాత్రం మీ చెవికెక్కట్లేదు. తప్పు మీది కాదు లెండి.